వెలుగు దారిలో వేడి

1917 నవంబరు మొదట్లో ఒక రాత్రి. కాలిఫోర్నియాలో మౌంట్ విల్సన్ కొండ మీద, అప్పటికి ప్రపంచంలోనే పెద్దదైన టెలిస్కోపుకి మొదటిసారి కన్ను ఆనించారు. అద్దం వ్యాసం 100 అంగుళాలు, బరువు నాలుగు టన్నుల పైచిలుకు. ఫ్రాన్సులో సెయింట్ గోబెన్ వాళ్లు పోత పోసిన గాజు అది. లోపల బుడగలు ఉండిపోయాయి. పనికొస్తుందా రాదా అన్న అనుమానం మొదట్నించీ ఉంది. అయినా ఏళ్ల తరబడి కూర్చుని దాన్ని అరగదీశారు, నునుపు చేశారు. ఆ రాత్రి అక్కడ ముగ్గురు ముఖ్యులున్నారు. ఆ టెలిస్కోపుని కలగన్న జార్జ్ ఎలరీ హేల్, అతని సహచరుడు వాల్టర్ ఆడమ్స్, అతిథిగా వచ్చిన ఇంగ్లీషు కవి ఆల్ఫ్రెడ్ నోయ్స్. టెలిస్కోపుని గురుగ్రహం వైపు తిప్పారు. ఒక్క గ్రహం కనిపించాల్సిన చోట, ఒకదాని మీద ఒకటి పడి అరడజను గ్రహాలు కనిపించాయి.

అక్కడ నిలబడ్డ మనిషికి ఏమనిపించి ఉంటుంది? బుడగలే ముంచాయి అనిపించి ఉంటుంది. అంతలో ఎవరో ఒక సంగతి గుర్తుచేసుకున్నారు. పగలు పనివాళ్లు గుమ్మటం తెరిచి ఉంచారు, అద్దం మీద ఎండ పడింది. చల్లారేదాకా చూద్దామనుకుని పడకలకి వెళ్లారు. హేల్‌కీ ఆడమ్స్‌కీ నిద్రపట్టలేదు. తెల్లవారుజామున రెండున్నర, మూడు ప్రాంతంలో మళ్లీ వచ్చి ఒక నక్షత్రం వైపు తిప్పారు. సూదిమొనంత చుక్క, స్పష్టంగా. నోయ్స్ ఆ రాత్రిని మనసులో పెట్టుకుని రాసిన కావ్యం 1922లో వచ్చింది. ఆరేళ్ల తర్వాత, 1923లో, అదే అద్దంతో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా మన పాలపుంత అవతల ఉన్న మరో పాలపుంత అని చూపించే నక్షత్రాన్ని పట్టుకున్నాడు.

ఈ కథని సాధారణంగా ఓర్పు గురించిన కథగా చెబుతారు. ఆగారు కాబట్టి దక్కింది అని. నాకు ఇది ఇంకో ప్రశ్నకి మొదలులా కనిపిస్తుంది. చూపు చెడింది మన వేడి వల్లేనని తెలిశాక, ఊరికే ఆగడం సరిపోతుందా?

*

ముందు ఆ వేడి ఏం చేస్తుందో చూద్దాం.

మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద దూరంగా వచ్చే లారీని చూడండి. చక్రాల దగ్గర గాలి కాగుతూ ఉంటుంది, లారీ వంకర్లు తిరుగుతూ కనిపిస్తుంది. లారీలో లోపం లేదు, మన కళ్లలోనూ లేదు. మధ్యలో ఉన్న వేడిగాలి కాంతిని అటూ ఇటూ వంచుతోంది. టెలిస్కోపు అద్దం చుట్టూ ఉన్న గాలి కంటే వేడిగా ఉంటే సరిగ్గా ఇదే జరుగుతుంది, చాలా చిన్న కొలతలో. గాజుని అంటిపెట్టుకుని సెంటీమీటరు మందం కూడా లేని వెచ్చటి గాలి పొర ఒకటి తయారవుతుంది. అది నిలకడగా ఉండదు, మెల్లగా పైకి లేస్తూ చిరిగిపోతూ ఉంటుంది. కాంతి దాన్ని రెండుసార్లు దాటాలి, అద్దం మీద పడేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాని వక్రీభవనం పది లక్షల్లో ఒక వంతు మారుతుంది. ఇది వినడానికి ఏమీ కాదు. కానీ పొర సెంటీమీటరు మందం ఉండి, తేడా ఐదు డిగ్రీలు ఉంటే, రెండు దాట్లకీ కలిపి కాంతి తరంగం 100 నానోమీటర్ల దాకా అటూ ఇటూ అవుతుంది. ఆకుపచ్చ కాంతి తరంగం పొడవే 550 నానోమీటర్లు. మంచి అద్దం చేసేవాళ్లు ఇంతకంటే తక్కువ తప్పు కోసం వారాలు తంటాలు పడతారు. ఆ కష్టమంతా గదిలోంచి మోసుకొచ్చిన గోరువెచ్చదనం మింగేస్తుంది.

ఇందులో నన్ను ఆపింది లెక్క కాదు, నింద ఎవరి మీద పడుతుందన్నది. బొమ్మ కదిలిపోతుంటే చూసేవాడి నోటి నుంచి వచ్చే మొదటి మాట, 'ఇవాళ ఆకాశం బాగాలేదు'. ఆకాశం నిజంగానే చాలాసార్లు బాగుండదు, అది అబద్ధం కాదు. అందుకే ఆ సాకు అంత బాగా చెల్లుతుంది. పెద్ద వేధశాలలు కూడా చాలాకాలం బొమ్మ మసకని వాతావరణం ఖాతాలోనే వేశాయి. తీరా కొలిచి చూస్తే అందులో గణనీయమైన భాగం గుమ్మటం లోపలిదే, అద్దం దగ్గరిదే అని తేలింది. అందుకే ఇప్పుడు చిలీలో పరానల్ లాంటి చోట్ల పగటిపూటే గుమ్మటం లోపల ఏసీ నడుపుతారు, రాత్రికి రాబోయే చలికి అద్దాన్ని మధ్యాహ్నమే సిద్ధం చేస్తారు. మనవాళ్లు ఆడలేక మద్దెల ఓడు అన్నారు. ఇక్కడ చిక్కేమిటంటే, మద్దెల కూడా నిజంగానే కొంచెం ఓడే. ఎంత వాటా మద్దెలది, ఎంత వాటా మనది అన్నది తేల్చుకోవాలి.

*

నా టెలిస్కోపు చిన్నది. 10 అంగుళాల అద్దం, బరువు నాలుగు కిలోలు. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు మేడ మీదకి మోసుకెళ్లి గ్రహాలు చూస్తాను. 2024 డిసెంబరులో గురుగ్రహం సూర్యుడికి సరిగ్గా ఎదురుగా, రాత్రంతా నెత్తిమీద ఉండేది. గదిలో 25 డిగ్రీలు, మేడ మీద 15. ఈ పది డిగ్రీల తేడా నాలుగు కిలోల గాజులోంచి బయటికి పోవాలి. గాజు వేడిని తొందరగా వదిలే రకం కాదు. పైగా రాత్రి కూడా ఒకచోట ఆగి ఉండదు, గంట గంటకీ ఇంకా చల్లబడుతూనే ఉంటుంది. గాజు దాని వెనకాల పరిగెడుతూ ఉంటుంది, ఎప్పుడూ ఒకటి రెండు డిగ్రీలు వెనకబడే. మందపాటి అద్దమైతే ఒక్కోసారి తెల్లారేదాకా అందుకోలేదు.

ఇక్కడే పెల్టియర్ అనే పెద్దమనిషి అక్కరకొస్తాడు. గడియారాలు చేసే వృత్తి మానేసి భౌతికశాస్త్రంలోకి వచ్చిన ఫ్రెంచివాడు. రెండు వేర్వేరు లోహాల అతుకు గుండా కరెంటు పంపితే అక్కడ చల్లబడటమో వేడెక్కడమో జరుగుతుందని 1834లో గమనించాడు. ఆయన పేరు మీద ఇప్పుడు బిస్కెట్టంత పలకలు దొరుకుతున్నాయి. కరెంటు ఇస్తే ఒక ముఖం చల్లబడుతుంది, రెండో ముఖం కాలిపోతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో రెండు పెల్టియర్ పలకలు, పాత కంప్యూటర్ల నుంచి తీసిన రెండు హీట్‌సింకులు, ఫ్యాన్లు, ఉష్ణోగ్రత సెన్సార్లు కొన్నాను. అద్దం వెనక ఒక అల్యూమినియం రేకు, దానికి పెల్టియర్లు, చుట్టూ థర్మోకోల్ డబ్బా, లోపల గాలిని తిప్పడానికి ఒక చిన్న ఫ్యాను. ఒక సెన్సారు గాజుకి, ఒకటి బయటి గాలికి. రెండింటి తేడా ఒక డిగ్రీకి వచ్చేసరికి పెల్టియర్లు ఆపేసి ఫ్యాను మాత్రం నెమ్మదిగా తిప్పమని ఒక చిన్న ప్రోగ్రాము. నాలుగు కిలోల గాజుని ఒక డిగ్రీ తగ్గించాలంటే 3,200 జౌళ్ల వేడి తోడెయ్యాలి. 20 వాట్ల చొప్పున తోడితే పది డిగ్రీలకి అరగంట లోపే. గాలి సందులూ, నా చేతిపనీ కలిపితే ముప్పావు గంట పడుతుంది. ఊరికే వదిలేస్తే రెండు గంటలు దాటినా మిగిలే తేడా ఇలా పోతోంది.

దీన్ని మా ఆకాశం చూసే బృందంలో చూపించినప్పుడు ఒక రిటైర్డ్ లెక్చరరు గారు నవ్వారు.

'ఎందుకు బాబూ అంత తొందర? టీ తాగి, నాలుగు కబుర్లు చెప్పుకుంటే అదే చల్లారుతుందిగా. నిదానమే ప్రధానం అన్నారు.'

'ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు కదండీ సార్.'

'రెండూ అన్నారు. ఏది ఎప్పుడో తెలుసుకోమనే కదా రెండూ అన్నారు.'

మాట సరదాగానే అయిపోయింది కానీ ఆయన అన్నది నాలో ఉండిపోయింది. ఏది ఎప్పుడు?

*

గురుగ్రహం తన చుట్టూ తాను తిరగడానికి పది గంటలు కూడా తీసుకోదు. మనం అద్దం చల్లారడానికి రెండు గంటలు ఆగితే, ఆ లోపు అది ఐదో వంతు తిరిగిపోతుంది. మొదట నడిమధ్యలో ఉన్న పెద్ద ఎర్రమచ్చ అంచుకి జారిపోతుంది. చూడాలనుకున్నది మనకోసం ఆగదు.

ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర ఒక చిన్న ఊళ్లో యాంథొనీ వెస్లీ అని ఒక ప్రోగ్రామర్ ఉండేవాడు. పద్నాలుగున్నర అంగుళాల టెలిస్కోపుతో ఇంటి దగ్గర్నుంచే గ్రహాల ఫొటోలు తీసేవాడు. అద్దాన్ని పెల్టియర్లతో చల్లబరిచే ఏర్పాటు సొంతంగా చేసుకున్నవాళ్లలో అతనూ ఒకడు. 2009 జూలై 19 రాత్రి గురుగ్రహం దక్షిణ ధ్రువం దగ్గర అంతకుముందు లేని నల్లమచ్చ ఒకటి చూశాడు. ఇక చాలు అని మూసేద్దామనుకుని, ఇంకో అరగంట చూద్దామని కొనసాగించిన రాత్రి అది. ఏదో వస్తువు వచ్చి గ్రహాన్ని గుద్దిన గాయం ఆ మచ్చ. అతను చెబితే హవాయిలోని నాసా టెలిస్కోపు అటు తిరిగి ఖాయం చేసింది, నాలుగు రోజులకి హబుల్ టెలిస్కోపు ఫొటో తీసింది. చల్లటి అద్దం వల్లే అతనికి కనిపించిందని నేను అనను. ఆ అరగంటలో చూడటానికి సిద్ధంగా ఉండటం అనేది ఒకటుంది, దాని వెనక ఇలాంటి ఎన్నో చిన్న ఏర్పాట్లు ఉంటాయి, అంతవరకే అంటాను.

ఓర్పుని మనం చూసేవాడి సుగుణంగానే లెక్కపెడతాం. దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారని అడగం. నక్షత్రం విషయంలో ఎవరూ భరించరు, అది రేపు కూడా ఉంటుంది. హేల్ ఆగాడు, నక్షత్రానికి పోయిందేమీ లేదు. కానీ మనం చూడాల్సింది మనిషినైతే? మన వేడి తగ్గేదాకా ఆ మనిషి ఎక్కడ వేచి ఉంటాడు?

*

ఇది నాకు ఊహగా వచ్చిన ప్రశ్న కాదు. నేను పనిచేసిన ఒకచోట ఒక మంగళవారం అర్ధరాత్రి సిస్టం రెండు గంటలు పడిపోయింది. జనం డబ్బులు కడుతుంటే కట్టినట్టు కనిపించలేదు. ఆ రాత్రి కమాండు నడిపింది కాంట్రాక్టు మీద పనిచేసే ఒక అమ్మాయి. తెల్లారేసరికి అందరికీ ఒకటే మాట, ఆమె చేసింది. నిద్ర లేదు, పైనుంచి ఫోన్లు. అందరం కాగుతున్నాం.

మా మేనేజరు మంచివాడు. 'ఇప్పుడు ఎవరం సరిగ్గా ఆలోచించే స్థితిలో లేం. ఈ వారం వదిలేద్దాం. సోమవారం తలలు చల్లబడ్డాక కూర్చుందాం' అన్నాడు. విన్నవాళ్లకి చాలా పెద్దరికంగా అనిపించే మాట. అయితే ఆమె కాంట్రాక్టు శుక్రవారంతో అయిపోతుంది. పొడిగించాలని ఎవరైనా సంతకం పెడితేనే పొడిగింపు. ఎవరూ ఏమీ చెయ్యకపోతే ముగింపు. అంటే మేము నిష్పక్షపాతం అనుకుంటున్న ఆ ఆగడంలోనే తీర్పు ఉంది. సోమవారం మేమందరం చల్లటి తలలతో, స్పష్టమైన చూపుతో, ఖాళీ కుర్చీని చూసేవాళ్లం.

గురువారం రెండు గంటలు ఇమ్మని అడిగాను. బోర్డు మీద మూడు నియమాలు రాశాం. మొదటి గంట ఎవరి పేరూ ఎత్తకూడదు, లాగుల్లో ఉన్న టైము, ఆ టైముకి జరిగింది, అంతే. 'చేసి ఉండాల్సింది' అన్న మాట వచ్చిన ప్రతి వాక్యం కొట్టేసి, ఆ నిమిషంలో స్క్రీను మీద ఏం కనిపిస్తోందో రాయాలి. ప్రశ్నలు అడిగేది ఆ రాత్రి హాయిగా నిద్రపోయిన మనిషి అయ్యుండాలి. పక్క టీములోంచి ఒకాయన్ని తెచ్చుకున్నాం. ఇందులో గొప్పేమీ లేదు, ఈ వృత్తిలో చాలామంది చేసేదే. కానీ ఆ రోజు అది నాకు థర్మోకోల్ డబ్బా, రెండు పెల్టియర్లు లాగే అనిపించింది. మా అందరి స్వభావాలూ మారేదాకా ఆగనక్కర్లేదు. తేడాని కొలిచి, వేడిని తోడెయ్యడానికి చేతికి దొరికిన సామానుతో ఒక ఏర్పాటు కావాలి.

ఏం తేలింది? ఆమె డాక్యుమెంటులో ఉన్న కమాండే అక్షరం మారకుండా నడిపింది. ఆ డాక్యుమెంటు రెండు వెర్షన్ల కిందటిది. పది నిమిషాల్లో రావాల్సిన హెచ్చరిక, ఎప్పుడో రద్దయిన ఒక గ్రూపు మెయిలుకి వెళ్తోంది. ఇంకోటి కూడా తేలింది. కమాండు నడిపే ముందు రెండో మనిషికి చూపించాలని అదే డాక్యుమెంటులో ఉంది, ఆమె చూపించలేదు. ఇది చెప్పకుండా వదిలేస్తే కథ అందంగా ఉండేది. అద్దం చల్లబడితే గ్రహం అందంగా కనిపిస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఉన్నది కనిపిస్తుంది, మచ్చతో సహా. ఏడాది పొడిగింపు అడిగితే మూడు నెలలు ఇచ్చారు. అది న్యాయమా అంటే వాదించవచ్చు. కనీసం ఆమెని చూసి తీసుకున్న నిర్ణయం అది.

అప్పట్నించీ ఎవరైనా 'కొన్నాళ్లు ఆగుదాం, వేడి తగ్గనీ' అంటే ముందు ఒకటి చూస్తాను. ఆగితే పోయేది ఎవరికి? పోయేది ఏమీ లేకపోతే ఆగడమే మేలు, లెక్చరరు గారు చెప్పినట్టు టీ తాగవచ్చు. ఎదుటివాళ్లకి గడువు ఉండి మనకి లేకపోతే, ఊరికే చల్లారడం విలాసం అవుతుంది.

*

పెల్టియర్ గురించి ఒక ముఖ్యమైన సంగతి. అది వేడిని మాయం చెయ్యదు. ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి మోస్తుంది, మోసినందుకు కూలిగా తన కరెంటు వేడి కూడా కలుపుతుంది. అద్దం వైపు చల్లబడినంత కంటే ఎక్కువే రెండోవైపు కాలుతుంది. ఆ వేడిని హీట్‌సింకు, ఫ్యాను పెట్టి బయటికి తోలాలి. అది కూడా టెలిస్కోపు గొట్టం వైపు కాకుండా, గాలివాటానికి కిందివైపు. లేదంటే అద్దం నుంచి తీసిన వేడే తిరిగి గొట్టం మూతి ముందు నుంచి పైకి లేచి బొమ్మని మళ్లీ పాడుచేస్తుంది.

ఆఫీసులో ఎంతో నెమ్మదస్తుడని పేరున్న మనిషి ఇంటికొచ్చి అన్నం దగ్గర భార్య మీద అరవడం మనం చూసిందే. ఆ చల్లదనం ఎక్కడి నుంచి వచ్చింది? రెండో ముఖాన్ని ఇంట్లో పెట్టాడు. చల్లబడ్డాం అనుకునే ముందు, తోడిన వేడి ఎవరి మీద పోశామో చూసుకోవడం కూడా ఈ పనిలో భాగమే. నడకో, డైరీయో, ఏమీ సంబంధం లేని పాత స్నేహితుడో, ఎక్కడో ఒకచోట ఆ వేడి ఎవర్నీ కాల్చకుండా పోయే దారి ఉండాలి. ఆ గురువారం మీటింగు అయ్యాక నేను ఇంటికి బస్సెక్కకుండా ఐదు కిలోమీటర్లు నడిచాను.

*

మరి ఎంత చల్లబరచాలి? చల్లదనం మంచిదైతే ఇంకా చల్లబరిస్తే ఇంకా మంచిదా?

వానాకాలం సాయంత్రం ఏసీ కారులోంచి విజయవాడ రోడ్డు మీద దిగినవాళ్లకి జవాబు తెలుసు. కళ్లజోడు తెల్లగా ముసురుకుంటుంది. అద్దం కూడా అంతే. చుట్టూ ఉన్న గాలి మంచుబిందువు కంటే కిందకి దాన్ని చల్లబరిస్తే దాని మీద తేమ పడుతుంది. వేడి అద్దం కనీసం కదిలిపోయే బొమ్మనైనా ఇస్తుంది. తేమ పట్టిన అద్దం బూడిదరంగు వెలుగుని తప్ప దేన్నీ ఇవ్వదు. తుడవడానికి కూడా లేదు, పైనున్న అల్యూమినియం పూత చెంట్రుకలో వెయ్యో వంతు మందం కూడా ఉండదేమో అన్నంత పల్చన, గీతలు పడిపోతుంది.

అందుకే నా ప్రోగ్రాములో అద్దం ఎంత చల్లగా ఉందన్న అంకె ఎక్కడా వాడలేదు. గాజుకీ గాలికీ తేడా ఎంత అన్నదొక్కటే వాడాను. ఇది చిన్న ఇంజనీరింగు నిర్ణయంలా కనిపిస్తుంది కానీ నాకు దీన్లో ఒక నీతి కనిపిస్తుంది. నిష్పక్షపాతంగా ఉండేవాణ్ణి మనం తటస్థుడు అంటాం. తటం అంటే ఒడ్డు. ఒడ్డున నిలబడ్డవాడు తటస్థుడు, ఏరు ఎలా పోయినా అతనికి తడి తగలదు. టెలిస్కోపు అద్దానికి అలాంటి ఒడ్డు లేదు. అది ఆ రాత్రి గాలిలోనే ఉండాలి, ఆ గాలితోపాటే చల్లబడుతూ పోవాలి. దానికి తగిన మాట మన భూగోళం పాఠాల్లో ఉంది, సమశీతోష్ణం. చావు జరిగిన ఇంట్లో ఆస్తి కాగితాల గురించి ప్రశాంతంగా అడిగే మనిషి తటస్థుడే. అక్కడ ఉన్న దుఃఖానికి అతను సమానంగా లేడు, అందుకే అతని కళ్లజోడు ముసురుకుపోయి ఉంటుంది. పైగా దాన్ని తన విజ్ఞత అనుకుంటాడు. దరఖాస్తు పెట్టుకున్న ముసలామె మొహం చూడకుండా నిబంధన చదివే గుమాస్తా చల్లదనం కూడా ఈ రకమే.

*

ఇంతదూరం వచ్చాక ఒక అభ్యంతరం రావాలి, నాక్కూడా వచ్చింది. కోపం లేకుండా న్యాయం ఎక్కడ పుట్టింది? అన్యాయం చూసి కాగిపోని మనిషి, అసలు చూడటానికే ఎందుకు లేస్తాడు? చల్లబడండి అని ఎప్పుడూ పైనున్నవాళ్లే కిందున్నవాళ్లకి చెబుతారు కదా?

నిజమే. డిసెంబరు చలిలో రెండు అంతస్తులు టెలిస్కోపు మోసుకుంటూ ఎక్కే మనిషికి ఒంట్లో వేడి కావాలి. మంకీ క్యాపు పెట్టుకుంటాడు, స్వెట్టరు వేసుకుంటాడు, ఫ్లాస్కులో టీ తెచ్చుకుంటాడు. మనిషిని చల్లబరచమని ఎవరూ అనడం లేదు. అయితే అలవాటైనవాళ్లు ఒకటి పాటిస్తారు, గొట్టం మూతి ముందు చెయ్యి పెట్టరు, గాలి వచ్చే వైపు నిలబడరు. ఒంటి వేడి ఒక ఆవిరిలా లేచి బొమ్మకి అడ్డం పడుతుందని తెలుసు. వేడి ఉండాలి. వెలుగు వచ్చే దారిలో ఉండకూడదు. ఆ గురువారం మీటింగు పెట్టించింది నా చల్లదనం కాదు, ఒక మనిషిని ఇలా పంపేస్తారా అన్న మంటే. మొదటి గంట పేర్లు వద్దన్న నియమం ఆ మంట బోర్డు మీదకి రాకుండా ఆపింది. అది లేకపోతే ఆమె చూపించకుండా వదిలేసిన ఆ ఒక్క మెట్టుని నేనే దాచిపెట్టేవాణ్ణేమో. పక్షపాతం కోపంలోంచే రానక్కర్లేదు, జాలిలోంచి కూడా అంతే వేడిగా వస్తుంది.

పుస్తకాల గురించి నాలుగు ముక్కలు రాసే అలవాటున్నవాడిగా ఇంకోటి చెప్పాలి. మన సాహిత్యంలో గొడవ జరుగుతున్న వారంలో వచ్చే సమీక్షలు చదవండి. పుస్తకం ఒకటే ఉంటుంది, కనిపించేవి అరడజను. కులం, ఊరు, పాత స్నేహం, పాత పగ, ఫేసుబుక్కులో ఎవరు ఎవర్ని ఏమన్నారు, ఇవన్నీ గదిలోంచి మోసుకొచ్చిన ఉష్ణోగ్రతలు. పదేళ్లాగితే అన్నీ చల్లబడతాయి, కాలమే తేలుస్తుంది అంటారు. నిజమే, కాలం తేలుస్తుంది. మొదటి పుస్తకం వేసుకున్న కొత్త రచయితకి ఆ పదేళ్లు ఎవరిస్తారు? అతన్ని ఇవాళే చదవాలి. ఇవాళే సరిగ్గా చదవాలి. అందుకు నేను చేసుకున్న ఏర్పాటు చాలా నాటుది. మొదట ఆ పుస్తకంలో ఏముందో ఒక పేజీ రాస్తాను, బాగుంది బాగాలేదు అన్న మాటలు లేకుండా. ఆ పేజీ రాయలేకపోతే నేనింకా పుస్తకాన్ని చూడలేదని అర్థం. ఆ తర్వాత నచ్చనివ్వండి, మండనివ్వండి, అది నా ఇష్టం.

*

చివరికి మిగిలే చిక్కు, మన అద్దం వేడిగా ఉందని మనకెలా తెలుస్తుంది? లోపల వేడి ఉన్నవాడికి తను మామూలుగానే ఉన్నట్టుంటుంది. వంకర్లు తిరిగేది ఎదుటివాళ్లే. అన్ని చోట్లా సెన్సారు అంటించలేం.

టెలిస్కోపు దగ్గర దీనికో పాత పద్ధతి ఉంది. ఒక నక్షత్రాన్ని పెట్టుకుని, కావాలని ఫోకసు చెడగొట్టాలి. చుక్క ఉబ్బి ఒక వెలుగు బిళ్ల అవుతుంది. నక్షత్రం గురించి అది ఇక ఏమీ చెప్పదు. అందుకు బదులుగా అప్పటిదాకా కనిపించని గాలి కనిపించడం మొదలవుతుంది. పైనెక్కడో కిలోమీటర్ల ఎత్తున వీచే గాలి ఆ బిళ్ల మీద ఏటినీరులా చరచరా ఒకవైపుకి పారుతుంది. అది ఆకాశం వాటా, దానికి మనం చెయ్యగలిగింది లేదు. అద్దం దగ్గరి వేడి అలా ఉండదు. పొయ్యి మీద పాలు కాగే ముందులా బద్ధకంగా, మెలికలు తిరుగుతూ, ఎటూ పోకుండా అక్కడక్కడే కదులుతుంది. రెండూ ఒకసారి చూసినవాళ్లు మళ్లీ పొరబడరు.

దీనికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం నక్షత్రాన్ని వదిలేసుకోవాలి, అంతే. ఎవరి గురించైనా ఖాయంగా ఒక మాట అనబోయే ముందు ఆ మనిషిని ఒక్క నిమిషం మసకబారనిచ్చి, మధ్యలో కదులుతున్నది ఏమిటో చూడటం నాకు ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. చరచరా పారేది కనిపిస్తే లోకం అలా ఉందనుకుంటాను. బద్ధకంగా మెలికలు తిరిగేది కనిపిస్తే, ఫ్యాను వెయ్యాలి.